గీత పాడిన ఘంటసాల: ఈ కథ మీ పిల్లలకు చెప్పండి



గీతా జయంతి రోజు ఉదయం అసెంబ్లీలో స్పీకర్ మీద ఘంటసాల గారి భగవద్గీత పెట్టాం. మొదటి శ్లోకం మొదలవగానే నాలుగో తరగతి వరుసలో ఒక బాబు పక్కవాడి చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ తల తిప్పి గేటు వైపు చూశారు. తర్వాత క్లాసులో మెల్లగా అడిగితే, రోడ్డు మీద ఎవరిదో శవయాత్ర పోతోందని అనుకున్నామని చెప్పారు. మిగతా పిల్లల్లో చాలామంది అవునవునని తలలూపారు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే తప్పు పిల్లలది కాదు. మీరే ఒకసారి ఆలోచించండి. శ్రీరంగాపూర్‌లో గానీ, పెబ్బేరులో గానీ, వనపర్తిలో గానీ ఆ గొంతు ఇప్పుడు మనకు వినిపించేది ఎప్పుడు? వైకుంఠ రథం వెళ్తున్నప్పుడు. ఎవరో పోయిన ఇంటి ముందు టెంటు వేసినప్పుడు. ఇంట్లో పిల్లవాడు ఫోన్‌లో పెడితే అశుభమని ఆపేయమంటాం. అలా ఒక గొప్ప రికార్డు మన పిల్లల మనసులో చావు పాటగా మిగిలిపోయింది.

అందుకే ఈ నెల మీకు ఆ గొంతు గల మనిషి కథ చెప్పాలనిపించింది. చదివాక, వీలైతే రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలకు మీ మాటల్లో చెప్పండి.

తండ్రి అప్పగించిన పని

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. ఘంటసాల అనేది ఇంటిపేరు. ఆ జిల్లాలో అదే పేరుతో ఒక ఊరు కూడా ఉంది. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయించేవారు, నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. ఆయన పాడుతుంటే చిన్న కొడుకు అడుగులు వేసేవాడు. చూసినవాళ్లు ముచ్చటపడి బాల భరతుడని పిలిచేవారట.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. కొడుకు ఇంకా చిన్నవాడుగా ఉండగానే తండ్రి పోయారు. పోయేముందు ఆయన కోరింది ఒక్కటే: కొడుకు పెద్ద సంగీత విద్వాంసుడు కావాలని. ఇంట్లో ఆస్తి లేదు. తల్లి రత్తమ్మ గారికి, పిల్లలకు మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య గారు అండగా నిలిచారు.

ఈ అబ్బాయి ఒకసారి పక్క ఊరి ఉత్సవంలో విద్వాంసులతో పోటీకి దిగాడు. వచ్చింది కొంచెం, ధైర్యం ఎక్కువ. ఓడిపోయాడు, నలుగురిలో నవ్వులపాలయ్యాడు. మీ బాబో పాపో స్టేజీ మీద మాట మరిచిపోయి ఏడుస్తూ దిగినప్పుడు ఈ సంగతి గుర్తు చేయండి. ఆ ఓటమి తర్వాత ఆయన సంగీతం మానలేదు. తనకు రానిది ఏమిటో తెలుసుకున్నారు. నేర్పే మనిషి కోసం వెతికారు. పాట నేర్పుతారన్న ఆశతో ఒక విద్వాంసుడి ఇంట్లో బట్టలు ఉతికారు, మరొకరి ఇంట్లో వంట చేశారు. అక్కడ పని నేర్చుకున్నారు గానీ పాట రాలేదు.

జోలె పట్టిన విద్యార్థి

ఆ రోజుల్లో తెలుగు నేల మీద సంగీతానికి పెద్ద బడి విజయనగరంలో ఉండేది. అక్కడి మహారాజా వారి సంగీత కళాశాల 1919లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అక్కడికి చేరాలని కుర్రవాడైన ఘంటసాల గారు చేతి ఉంగరాన్ని అయినకాడికి అమ్ముకుని బయలుదేరారు. తీరా వెళ్తే వేసవి సెలవులు, కాలేజీ మూసి ఉంది.

కొన్నాళ్లు వారాలు చేసుకుని తిన్నారు. వారాలంటే ఈ కాలం పిల్లలకు తెలియదు, చెప్పండి: సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం, ఇలా ఊరివాళ్లు పేద విద్యార్థిని చదివించే పద్ధతి. అదీ ఆగిపోయాక ఒక గుడిలో తలదాచుకున్నారు. అప్పుడు ఆయన్ని చేరదీసిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారు. సాలూరి చిన్న గురువు గారంటే ఆ ప్రాంతమంతా తెలుసు. ఆయన పైసా తీసుకోకుండా పాఠం మొదలుపెట్టారు.

కానీ గురువు గారూ పేదవారే. శిష్యుడికి రోజూ అన్నం పెట్టే స్తోమత లేదు. అందుకని ఘంటసాల గారు భుజాన జోలె కట్టుకుని ఇంటింటికీ వెళ్లి మధూకరం అడిగేవారు. ఉదయం తెచ్చిన అన్నమే రెండు పూటలకూ. గుడ్డలో కట్టిపెట్టిన అన్నానికి చీమలు పట్టేవి. మేనమామ పంపిన డబ్బుతో ఒక డబ్బా కొనుక్కున్నాక ఆ బాధ తప్పిందని చెబుతారు. అలా తింటూనే తెల్లవారుజామున సాధన చేశారు. కాలేజీలో చేరి డిప్లొమా పూర్తి చేశారు.

ఈ కథను పస్తులుంటేనే చదువు వస్తుందని చెప్పడానికి వాడుకోవద్దని నా మనవి. ఆకలి ఎవరికీ మంచిది కాదు. ఆ కుర్రవాణ్ని నిలబెట్టింది ఆకలి కాదు. గుడి అరుగు మీద కూర్చున్న ఒక అనాథలాంటి పిల్లవాడిలో పాటను గుర్తుపట్టిన ఒక టీచర్, పిడికెడు అన్నం పెట్టిన కొన్ని ఇళ్లు. టీచర్‌గా నేను ఈ భాగం చదివిన ప్రతిసారీ నా క్లాసులో వెనక బెంచీ వైపు ఒకసారి చూసుకుంటాను.

జైలు నుంచి మద్రాసుకు

చదువు ముగించి ఊరికి తిరిగి వచ్చాక ఉత్సవాల్లో, పెళ్లిళ్లలో పాడుతూ, పిల్లలకు సంగీతం చెబుతూ గడిపారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని అరెస్టయ్యారు. బళ్లారి దగ్గర అలీపురం జైలులో ఏడాదికి పైగా ఉన్నారు. బయటికి వచ్చాక 1944 మార్చిలో సావిత్రి గారితో పెళ్లయింది. తన పెళ్లిలో తానే కచేరీ చేశారని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అత్తగారి ఊరి దగ్గర పరిచయమైన రచయిత సముద్రాల రాఘవాచార్య గారు ఆయన పాట విని మద్రాసు రమ్మన్నారు. వెళ్లారు. సముద్రాల గారి ఇల్లు చిన్నది. వాళ్లకు ఇబ్బంది కలిగించడం ఇష్టం లేక పగలంతా అవకాశాల కోసం తిరిగి, రాత్రి పానగల్ పార్కు దగ్గర పడుకునేవారు. గ్రామఫోన్ రికార్డుల కంపెనీ హెచ్ఎంవీలో గొంతు పరీక్షిస్తే పనికిరాదన్నారు. తెలుగువాళ్లు తరతరాలుగా వింటున్న ఆ గొంతును మొదటిసారి విన్న నిపుణులు వద్దన్నారు! మార్కుల మెమో చూసి బెంగపడే తల్లిదండ్రులు ఈ ఒక్క వాక్యం రెండోసారి చదవండి.

తర్వాత రేడియోలో పాడారు. సినిమాల్లో బృందంలో ఒకరిగా గొంతు కలిపారు. 1945లో వచ్చిన స్వర్గసీమలో భానుమతి గారి పక్కన నేపథ్య గాయకుడిగా పాడారు. ఏ కంపెనీ వద్దన్నదో అదే హెచ్ఎంవీలో అప్పుడు పనిచేస్తున్న పేకేటి శివరాం గారు ఆయన చేత ప్రైవేటు పాటలు రికార్డు చేయించారు. అక్కడి నుంచి దారి తెరుచుకుంది. ఎన్టీ రామారావు గారి మొదటి సినిమా మనదేశం (1949)కు సంగీతం ఆయనదే. పాతాళ భైరవి (1951), మాయాబజార్ (1957), లవకుశ (1963) లాంటి సినిమాల్లో పాటలు ఇప్పుడు విన్నా కొత్తగానే ఉంటాయి. దేవదాసు (1953)లో అక్కినేని నాగేశ్వరరావు గారి గొంతనుకుని మనం విన్నది ఈయన గొంతే. తెర మీద రామారావు గారు ఉంటే రామారావు గారిలా, నాగేశ్వరరావు గారు ఉంటే ఆయనలా వినిపించేది.

అన్నీ గెలుపులే కావు. సొంతంగా తీసిన పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ సినిమాలు డబ్బు తేలేదు, ఉన్నది తీసుకుపోయాయి. ఆయన మళ్లీ మైకు ముందుకు వచ్చి పాడుకున్నారు.

మూడు నిమిషాల ప్లేటు

సినిమా పాటలు అందరికీ తెలుసు. సినిమాతో సంబంధం లేకుండా ఆయన ఇచ్చిన రికార్డుల గురించి మాత్రం మన పిల్లలకు అసలు తెలియదు. వాటిని ప్రైవేటు రికార్డులనేవారు.

ఆ కాలం ప్లేటు లక్కతో చేసినది. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక వైపు సుమారు మూడు నిమిషాలు మాత్రమే పట్టేది. కింద పడితే రెండు ముక్కలు. మూడు నిమిషాల్లో పాట ఇమడాలి, పద్యమైనా ఇమడాలి. అంతకు ముందు నాటకాల్లో పద్యం పాడే పద్ధతి వేరు. ఒక పద్యం చివర రాగం అందుకుంటే ఎంతసేపైనా సాగేది, జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటి నుంచి. ప్లేటు మీద అది కుదరదు. ఘంటసాల గారు రాగాన్ని తగ్గించారు, మాటను పైకి తెచ్చారు. ఏ పదం దగ్గర ఆగాలో, ఏ పదాన్ని మెత్తగా పలకాలో చూసుకుని పాడారు. పద్యం అర్థం కావడానికి పండితుడు పక్కన ఉండనవసరం లేకుండా చేశారు.

జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు, అంటే కరుణశ్రీ గారు రాసిన పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలను ఆయన అలా రికార్డులుగా ఇచ్చారు. మొదటిది తనను కోయవద్దని పువ్వు మనిషిని బతిమాలుకునే కథ. రెండోది పసిబిడ్డను నది పాలు చేయాల్సి వచ్చిన కన్నతల్లి కథ. బడి ముఖం చూడని అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా రేడియోలో వాటిని విని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే అడిగి చూడండి. ఆ పద్యాలు చాలామందికి ఇప్పటికీ నోటికి వస్తాయి. పుస్తకంలో ఉన్న కవిత్వం చదువురాని ఇంటికి కూడా చేరింది ఆ ప్లేటు వల్లే. వీటితో పాటు జయదేవుడి అష్టపదులు, తిరుమల వెంకన్న మీద భక్తి పాటలు, దేశభక్తి గీతాలు కూడా రికార్డులుగా వచ్చాయి.

పీటీఎంలో కొందరు తల్లిదండ్రులు పద్యాలు ఎందుకండీ, పరీక్షలో రెండు మార్కులే కదా అంటారు. వారి కంగారు నాకు అర్థమవుతుంది. ఫీజు కడుతున్నారు, పోటీ ఎక్కువగా ఉంది. నేను చెప్పేది ఇంగ్లిష్. అయినా ఒక మాట చెబుతాను. ఒత్తులు, దీర్ఘాలు, శ, ష, స తేడాలు చెవితో పట్టుకోగలిగిన పిల్లలు ఇంగ్లిష్ ఉచ్చారణ కూడా తొందరగా పట్టుకుంటారు. చెవి ఒక్కటే కదా. వినడం రానివారికి మాట్లాడటం రాదు. తెలుగు స్పష్టంగా ఎలా పలకాలో వినిపించడానికి ఘంటసాల గారి రికార్డును మించిన పాఠం నాకు దొరకలేదు.

చివరి పెద్ద పని

1970లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. అదే ఏడాది హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో సినిమా సంగీతంలో ఆయన పాతికేళ్ల పండుగ జరిగింది. 1971లో యూరప్, అమెరికా వెళ్లి అక్కడి తెలుగువాళ్ల ముందు కచేరీలు చేశారు. అప్పటికే చక్కెర వ్యాధి ఆయన్ని పీడిస్తోంది. 1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో పాడుతుండగా గుండెనొప్పి వచ్చింది. చాలా రోజులు ఆస్పత్రిలో ఉన్నారు.

కోలుకున్నాక ఎవరైనా ఏం చేస్తారు? విశ్రాంతి తీసుకుంటారు. లేదా చేతనైనన్ని సినిమా పాటలు పాడి పిల్లల కోసం నాలుగు డబ్బులు వెనకేస్తారు. ఆయన సినిమా పాటలు పాడుతూనే, మనసు మాత్రం భగవద్గీత మీద పెట్టారు. గీతలో 700 శ్లోకాలు. అంతా ఒక రికార్డులో పట్టదు. అందుకని నూటికి పైగా శ్లోకాలు ఎంచుకుని, వాటికి రాగాలు కట్టి, తెలుగులో తాత్పర్యం తన గొంతుతోనే చెబుతూ హెచ్ఎంవీకి రికార్డు చేశారు. అప్పటికి లక్క ప్లేట్ల రోజులు పోయాయి. నిమిషానికి 33 చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డులు వచ్చాయి, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టేది. ఇంత పెద్ద పని ఒక రికార్డుగా రావడం వాటి వల్లే వీలైంది.

ఆ పనిలో ఆయన పక్కన ఉన్నది పట్రాయని సంగీతరావు గారు. ఆ ఇంటిపేరు మీకు పైన కనిపించింది. విజయనగరంలో పైసా తీసుకోకుండా పాట నేర్పిన సీతారామశాస్త్రి గారి కొడుకే ఈయన. గురువు గారి కొడుకును తన దగ్గరికి తెచ్చుకుని, చివరి వరకూ తన సంగీత బృందంలో ముఖ్యుడిగా ఉంచుకున్నారు ఘంటసాల గారు. జోలె పట్టిన రోజులను ఆయన మరిచిపోలేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆయన కన్నుమూశారు. వయసు 51 ఏళ్లు. గీత రికార్డు ఆయన పోయాక విడుదలైంది. అది ఇంటింటికీ చేరడం చూడటానికి ఆయన లేరు.

ప్రపంచంలో ఇలాంటి కథలు ఇంకా ఉన్నాయి. మన పెద్ద క్లాసుల పిల్లలు కొందరు జడలు కట్టిన జుట్టుతో ఒకాయన బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకుంటారు. అది జమైకా గాయకుడు బాబ్ మార్లే. 1945లో పుట్టాడు. పేదరికంలో పెరిగి రెగే సంగీతాన్ని ప్రపంచమంతా వినేలా చేశాడు. క్యాన్సర్ వచ్చిందని తెలిశాక కూడా ఆల్బమ్‌లు చేస్తూ, కచేరీలు ఇస్తూ తిరిగాడు. 1981లో 36 ఏళ్లకే పోయాడు. ఆయన ఆల్బమ్‌లలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన లెజెండ్ ఆయన పోయిన మూడేళ్లకు, 1984లో వచ్చింది. పాడిన మనిషి పోయాకే ఆ గొంతు ఇంకా ఎక్కువ ఇళ్లకు చేరింది.

అయితే ఒక తేడా ఉంది. జమైకావాళ్లు మార్లే పాటను పండుగ రోజూ పెట్టుకుంటారు, పని రోజూ పెట్టుకుంటారు. మనం ఘంటసాల గారి గీతను మాత్రం చావు ఇంటికి పరిమితం చేశాం. గీత ఎవరికి చెప్పింది? పోయినవారికి కాదు. యుద్ధభూమి మధ్యలో చేతులు వణికి, తన పని తాను చేయలేక కూలబడిన ఒక మనిషికి. పరీక్ష ముందు రోజు రాత్రి మన పిల్లల పరిస్థితి అదే కదా. జబ్బు పడి లేచిన ఒక గాయకుడు తన మిగిలిన శక్తిని పెట్టి పాడింది బతికి ఉన్న మన కోసం.

మీకు మూడు చిన్న పనులు

మొదటిది: ఒక ఆదివారం ఉదయం ఇంట్లో ఆ గీత పెట్టండి. మొత్తం అక్కర్లేదు, పది నిమిషాలు చాలు. మీ పిల్లలు ఎవరు పోయారని అడిగితే నవ్వకుండా ఈ కథ చెప్పండి. మీ ఇంట్లో గీత వినే అలవాటు లేకపోతే పుష్పవిలాపం పెట్టండి. ఆ పువ్వు బాధకు మతం లేదు.

రెండోది: ఇంట్లో తాతయ్యను, నాయనమ్మను, అమ్మమ్మను అడగండి, ఘంటసాల గొంతు వారు మొదట ఎక్కడ విన్నారో. రేడియోలోనా, టూరింగ్ టాకీసులోనా, పెళ్లి పందిరి మైకులోనా? వారు చెప్పింది పిల్లల చేత ఒక పేజీ రాయించి పంపండి. తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా సరే. మంచివి క్లాసు బోర్డు మీద పెడతాను.

మూడోది: వచ్చే సెలవుల్లో మన రంగనాయకస్వామి గుడికి వెళ్లినప్పుడు, రంగసముద్రం గట్టు మీద కాసేపు కూర్చుని మీ బాబు చేతో పాప చేతో ఒక పద్యం పాడించండి. తప్పులు దిద్దకండి. మార్కులు వేయకండి. చివరి వరకూ వినండి, అంతే. ఊరి ఉత్సవంలో ఓడిపోయి ఇంటికొచ్చిన ఆ కుర్రవాడికి కూడా అప్పుడు కావలసింది అలా వినే మనిషి ఒక్కరే.

మళ్లీ వచ్చే నెల కలుద్దాం.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్